లాభం, రెండు, మూడు, నాలుగు

ఆ రోజుల్లో మేమింకా బ్యాండు కాదు, ముగ్గురం మనుషులం మాత్రమే. ఇప్పుడంటే స్టూడియోలో అద్దం అవతల కూర్చున్నాయన బొటనవేలు ఎత్తి చూపేదాకా గొంతు విప్పం. మంచినీళ్ళు కూడా గోరువెచ్చగా ఉండాలంటాం (నేనే అంటాను, మిగతావాళ్ళు కుండలో నీళ్ళు ముంచుకు తాగే రకం). ఆ రోజుల్లో మా స్టూడియో అంటే గుంటూరుకి బస్సు దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి దక్షిణపు గది. ఎంత పెద్ద స్టూడియోలు చూసినా అంత మంచి గది మళ్ళీ దొరకలేదని నేను ఇప్పటికీ బల్లగుద్ది చెబుతాను.

మా వైపు పత్తి ఏరాక రేటు నచ్చకపోతే ఎవరూ అమ్మరు. ఇంట్లోనే ఓ గదిలో పోసుకుని కూర్చుంటారు. ఆ ఏడు మా నాన్నకి రేటు నచ్చలేదు. దక్షిణపు గది నేల నుంచి కిటికీ పై అంచు దాకా తెల్లగా నిండిపోయింది. మంచాలూ బీరువా వరండాలోకి వచ్చాయి. "కొత్తకోడలికి కూడా ఇంత మర్యాద చెయ్యరు" అని అమ్మ సణుగుతుండేది. నేను ఇంజినీరింగ్ అయిపోయి, బెంగుళూరులో వచ్చిన ఉద్యోగంలో చేరకుండా పాటలంటూ ఇంట్లో కూర్చున్నాను. హైదరాబాదులో కొత్తవాళ్ళ పాటలు తీసుకునే కంపెనీ ఒకటి మా పల్లవి విని, శనివారం సాయంత్రంలోగా పాటంతా పంపమంది. వాళ్ళకి పాట నచ్చితే నా దారికి నాన్న మాట్లాడకుండా ఒప్పుకోవాలి, నచ్చకపోతే నేను మాట్లాడకుండా బెంగుళూరు బస్సెక్కాలి. అదీ మా ఇద్దరి ఒప్పందం. నచ్చకపోవడం అనేది జరుగుతుందని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. ఆ వయసులో నాకంత నమ్మకం ఎక్కడ అమ్మేవారో తెలిస్తే ఇప్పుడు కాస్త కొనుక్కునేదాన్ని.

మా పిన్ని కొడుకు గిటారు. మా ఊరి టైలరుగారబ్బాయి కీబోర్డు. పెళ్ళిళ్ళలో కీబోర్డు మీదే సన్నాయి వాయించేవాడు కాబట్టి వాడికి సన్నాయి అనే పేరు స్థిరపడింది. మొదట హాల్లో పాడితే బావిలోకి వంగి పాడినట్టు వచ్చింది. మధ్యలో కుక్కరు కూత ఒకటి. విసిగిపోయిన సన్నాయి ఊరికే పత్తి గది తలుపు తీసి ఓ చప్పట కొట్టాడు. ఆ చప్పుడు బయటికి రాలేదు. మళ్ళీ కొట్టాడు. పత్తి మింగేసింది. "అక్కా, స్టూడియో ఇంట్లో పెట్టుకుని మనం ఊరంతా తిరుగుతున్నాం" అన్నాడు.

నాన్న ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. "తొక్కితే నలుగుద్ది. నలిగితే బేరగాడు వంక పెడతాడు. కూర్చుని పాడుకోండి, గంతులు మాత్రం వద్దు." కిటికీ పక్క మూలలో నడుం దాకా దిగబడి కూర్చున్నాం. ముక్కులో నూగు, వీపంతా చెమట. (నేను స్టేజీ మీద కదలకుండా నిలబడి పాడటాన్ని ఇప్పుడు కొందరు శైలి అంటున్నారు. అది పత్తి పెట్టిన భయం.) పల్లవి, మొదటి చరణం అద్భుతంగా వచ్చాయి. రెండో చరణం శనివారం తీరిగ్గా పాడదామని ఆపాం.

శనివారం పొద్దున్నే బేరగాడు లారీతో, హమాలీలతో దిగాడు. రేటు పెరిగిందట.

"నాన్నా, సాయంత్రం దాకా ఆగు. ఒక్క చరణమే."

"రేటు నీ పాట కోసం ఆగుద్దా అమ్మా?"

"గది ఖాళీ అయితే నా పాట పోయినట్టే!"

నాన్న తల గోక్కున్నాడు. "వాళ్ళు తలుపు వైపు నుంచి తీసుకుంటా వస్తారు. మీరా మూలన కూర్చుని కానియ్యండి. మీరు పాడేటప్పుడు అందరం నోరు మూసుకుంటాం, సరేనా?"

అలా మొదలైంది. హమాలీలు నిలువెత్తు గోనె బోరాల్లోకి పత్తి ఎత్తి, వాటిలోకి దిగి తొక్కుతుంటే మా స్టూడియో మా కళ్ళముందే గంపలు గంపలుగా వెళ్ళిపోయింది. నేను చెయ్యెత్తగానే నాన్న "ష్! మా అమ్మాయి పాడుద్ది" అని అరిచేవాడు. బోరెంలో ఉన్న హమాలీ ఒంటికాలి మీద ఆగిపోయేవాడు. బేరగాడు మాత్రం "ఇది పత్తి బేరమా, పాటకచ్చేరీయా?" అని గొణిగేవాడు. ఒక్కో టేకుకీ గది పెద్దదవుతోంది, నాకు ఏడుపొస్తోంది. చివరికి మా చుట్టూ గంపెడు పత్తి మిగిలింది. ఇంక ఇదే ఆఖరి టేకు అనుకుని సన్నాయి రికార్డింగ్ నొక్కాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

సరిగ్గా అప్పుడు కిటికీ బయట నాన్న గొంతు. కుట్టేసిన బోరాలను అరచేత్తో చరుస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు. మా వైపు సరుకు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం" ధబ్, "రెండు" ధబ్, "మూడు" ధబ్, "నాలుగు" ధబ్. ఊరందరి నోరూ మూయించి తను మాత్రం మర్చిపోయాడు. ఆపెయ్యమని నేను చెయ్యెత్తబోతే సన్నాయి నా చెయ్యి లాగేసి, పాడమని కళ్ళతోనే గసిరాడు. ఆ లెక్క మా పాట తాళంలోనే ఉంది! అయిదో చరుపుకి చరణం అందుకున్నాను. బోసిపోయిన గదిలో నా గొంతు గోడగోడకీ తగిలి తిరిగొచ్చింది.

పాట చెడిపోయిందనుకుంటూనే పంపాం. తర్వాత కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. "మొదటి చరణం చెవిలో చెప్పినట్టుంది, రెండోది ఆకాశమంత అయిపోయింది. ఎలా చేశారండీ?"

"మా దగ్గర ఓ పద్ధతి ఉందండి" అన్నాను, గొంతు ఏమాత్రం వణక్కుండా.

మిగతాది మీకు తెలుసు. మీకు తెలియనిది నాకూ చాలాకాలం తెలియలేదు. మొన్న మా గుంటూరు షోకి వచ్చినప్పుడు అమ్మ మాటల్లో చెప్పింది. ఆ బేరగాడు అంతకు ముందే ఓసారి వచ్చాడట, అంతకన్నా మంచి రేటుకి. అమ్మాయి పాట కాలేదని నాన్నే వెనక్కి పంపేశాడట. నాన్ననడిగితే "పాటా లేదు పాడూ లేదు, ఆ రోజు మబ్బు పట్టింది" అన్నాడు. ఆ గదిని నేనే నడిపానని ఇన్నాళ్ళూ మురిసిపోయిన పిల్లని తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

ఆ సాయంత్రం కదలకుండా నిలబడి, పాట ఎత్తుకునే ముందు ఎప్పటిలాగే మైకులో "లాభం" అన్నాను. నేను తర్వాతి అంకె అనేలోపే ముందు వరసలోంచి, కుర్చీ చేతిని చరుస్తూ, "రెండు" అన్నాడు నాన్న.