ఇంగ్లీషుల అడిగిన మాట

"పేజీలు ఏడ వోయినయన్నా?"

"తీసేసిన సేటూ. అచ్చు అయిపోయినంక ఇంకేం పని వాటితోని?"

"తీసేసినవా? అన్నీ?"

"ఏ దినానిది ఆ దినమే. ఒక్కటి గూడ ఉంచలే."

"ఎవలు తియ్యమన్నరు నిన్ను?"

"గిదెక్కడి మాట సేటూ. మీ బాపు ఉన్నప్పటి సంది నేనే తీస్తున్న. అప్పుడెవలన్న అడిగిండ్రా?"

కరీంనగరంల మా ఇంటాయన పనిచేసే ప్రెస్సుల, సద్దిగిన్నె పట్టుకోని గడప కాడ నిలబడి నేను విన్న కొట్లాట ఇది, సేటుకూ ఆయనకూ నడుమ. ఇన్నేండ్లకు మల్ల యాదికొచ్చింది. మొన్న నా మనుమరాలు ల్యాప్‌టాప్ మీద ఎవలిదో పెండ్లికార్డు చేసుకుంట కూసున్నది. బంద్ చెయ్యబోతే తెర మీద చిన్న డబ్బ లేచింది. "ఏమడుగుతుందే అది?" అన్న. "చేసింది దాచిపెట్టాల్నా వద్దా అంటుంది నానమ్మా," అని తల గూడ ఎత్తకుంట ఒకటి నొక్కి లేచిపోయింది. నేను మాత్రం చానసేపు లేవలే. రెండో తరగతి దాక చదివినదాన్ని, నాకే సమజైంది. ఆ ముక్క ఆయనకు తెలుగుల ఒక్కరన్న చెప్పి ఉంటే ఏం పోయేది?

అరవై తొమ్మిదిల నా లగ్గమై మంథని నుంచి వచ్చేటాల్లకే ఆయన ఆ ప్రెస్సుల అక్షరాలు పేర్చేటోడు. సీసపు అక్షరాలు, గళ్ళగళ్ళ చెక్కపెట్టెలు. ఇంటికొస్తే వేళ్ళు నల్లగ. ఎంత తోమినా సబ్బు అరుగుడే గని నలుపు పోకపోయేది. నేను సబ్బు బంద్ జేసి బూడిద ఇచ్చిన. పెండ్లిపత్రికలు, దినాల కార్డులు, ఎలచ్చన్ల కాగితాలు, ఏది అచ్చేసినా పొద్దుగూకేటాల్లకు ఆ పేర్చింది విప్పి, ఏ అక్షరం ఆ గడిల వేసినంకనే ఇల్లు చేరేటోడు. వెయ్యకపోతే తెల్లారి కార్డుకు 'శ్రీ'లు ఎక్కడికెల్లి వస్తయి? ఉన్నవాటితోనే మల్ల మల్ల ఎల్లదీయాలె. నా వంటింటి పద్ధతీ అదే. వాడిన గిన్నె అదే పూట కడిగి బోర్లించకపోతే నాకు నిద్ర రాదు. ఆయనల నాకు నచ్చిన గుణాలు ఎక్కువేం లేవు. ఇది ఒకటి.

తొంభైలల్ల పాత సేటు పోయిండు, కొడుకు కంప్యూటర్ తెచ్చిండు. నేర్పనీకి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, ఇంగ్లీషుల గడగడ చెప్పి, చాయ్ తాగి పోయిండు. తెర మీద కార్డు తెలుగుల వచ్చినా, దాని చుట్టూ ఉన్నదంత ఇంగ్లీషే. ఈయనకు చదవరాదు గనుక జాగలు గుర్తుపెట్టుకున్నడు: పై వరుసల మొదటిది, దాని కింద నాలుగోది. అన్నం తినుకుంట ఎడమ చేతి వేళ్ళతోని పీట మీద ఆ జాగలు కొట్టి చూసుకునేటోడు. యాభై దగ్గరవడ్డ మనిషి. కార్డు చక్కగ వస్తే ఒకటి ఇంటికి తెచ్చి గోడకు ఆనిచ్చి చూసుకునేటోడు. పక్క కుర్చీల సేటు బావమరిది ఉండేటోడు, డిగ్రీ చదివిండు. ఏమన్న అడిగితే "నీకెందుకు తాతా, నొక్కు" అనేటోడు.

ఆ దినం ఒక పెండ్లోల్లు కార్డులు తక్కువ పడ్డయని మల్ల వచ్చిండ్రు. "కూసోండ్రి, గిప్పుడే తీసిస్త, మిషిని కొన్నది అందుకే" అన్నడట సేటు. తెరిస్తే ఏమీ లేదు. వాళ్ళదే గాదు, మిషిని వచ్చిన సంది ఈయన చేసిన ఏ కార్డూ లేదు.

"బంద్ చేసేటప్పుడు అది అడుగుతది గదా, దాచాల్నా అని," అన్నడు బావమరిది.

"అడుగుతది. ఇంగ్లీషుల అడుగుతది. నడిమిదాన్ని నొక్కుత, ఊకుంటది," అన్నడు ఆయన. మల్ల ఆయనే, "ఉంచితే తెల్లారి అక్షరాలు తక్కువ పడయా?" అన్నడు.

ప్రెస్సంత నవ్వింది. పెండ్లోల్లు గూడ నవ్విండ్రు.

"అండ్ల అక్షరాలు ఎన్నడు తక్కువ పడవు తాతా," అన్నడు బావమరిది కండ్లు తుడుచుకుంట.

సద్దిగిన్నె బల్ల మీద పెట్టి నేను బయటికొచ్చిన. కాలం అందరికీ ఒక్కతీరుగనే వస్తదంటరు. మా ఇంటికి ఇంగ్లీషుల వచ్చింది. అర్థం చెప్పేటోడు పక్క కుర్చీలనే కూసోని నవ్విండు.

తెల్లారి ఆయన ఎప్పటి యాళ్లకే పనికి పోయిండు. కంప్యూటర్ ముంగట బావమరిది కూసున్నడు. సేటు ఈయనకు వెనక అర్రల కార్డులు మడిచే పని చూపిచ్చిండు. కూసోని మడిచిండు.