దగ్గరున్న మూతకే మార్కు

పక్షవాతం వచ్చి నాయన కుడి చేయి పడిపోయినప్పుడు, అది మళ్ళీ లేస్తుందని ఇంట్లో ఎవరం గట్టిగా నమ్మలేదు. మార్కాపురంలో పలకలు కోసిన చేయి అది. వ్యాయామాలు చేయించడానికి వారానికి మూడు రోజులు దోర్నాల వైపు నుంచి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి బస్సులో వచ్చేది. కూలికి పోయి చదివించిన తల్లిదండ్రుల బిడ్డ. ఓపిక చాలా ఎక్కువ.

నాయనకు ఆ ఓపిక లేదు. రబ్బరు బంతి చేతిలో పెడితే పక్కన పడేసేవాడు.

"ఏందమ్మా ఇది? పిసికిందే పిసుకుతా కూర్చోవాల్నా?"

ఒకరోజు ఆమె ఎనిమిది డబ్బా మూతలు తెచ్చింది. నాలుగు ఎర్రవి, నాలుగు నీలివి. బరువు కోసం వాటిలో మట్టి అదిమి ఎండబెట్టింది. మా వసారాలో నున్నటి గచ్చు మీద ఒక చివర సుద్దముక్కతో వలయం గీసి, మధ్యలో చుక్క పెట్టింది. ఇది చలిదేశాల వాళ్ళు ఆడే కర్లింగ్ అని, అక్కడ మంచు మీద బరువైన రాళ్ళు జారుస్తారని, చదువుకునేటప్పుడు ఫోన్లో చూశానని చెప్పింది.

ఎర్రవి నాయనకు, నీలివి అమ్మకు. ఇద్దరూ ఈ చివర పీటల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు జార్చాలి. నాయన కుడి చేత్తోనే జార్చాలి. మొదటి ఆట అయ్యేసరికి వలయంలో రెండు ఎర్ర మూతలు, ఒక నీలి మూత మిగిలాయి.

"నావి రెండుండాయి. నేనే గెలిచినాను," అన్నాడు నాయన.

"అట్ల కాదు పెదనాయనా. చుక్కకు అన్నిటికంటే దగ్గరుండేది పెద్దమ్మ మూత. మార్కు పెద్దమ్మకే. నీకు సున్నా."

"రెండుండి సున్నానా? ఇదేం లెక్క!"

ఆ కోపంతోనే రెండో ఆటకు కూర్చున్నాడు. ఈసారి చుక్కకు దగ్గరగా రెండు ఎర్రవి, వాటి వెనక ఒక నీలిది, దాని వెనక ఇంకో ఎర్రది ఆగాయి. మూడు మార్కులు ఇమ్మన్నాడు.

"రెండే. పెద్దమ్మ మూత కంటే ముందుండేవే లెక్కకొస్తాయి. వెనకది రాదు."

మార్కు తెచ్చుకున్నవాళ్ళు తర్వాతి ఆటలో ముందు జార్చాలట. ఆఖరి మూత మార్కు రానివాళ్ళది. ఎనిమిది ఆటల మార్కులు కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఆఖరి మూత సంగతి విని నాయన చాలాసేపు తల ఊపాడు.

"ఓడినోనికి ఆఖరి దెబ్బ ఇస్తారా? బాగుంది. న్యాయంగా ఉంది."

ఆ తర్వాత ఆమె రాకముందే పీట మీద కూర్చుని అమ్మను కేకేయడం మొదలుపెట్టాడు. నేను బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి ఇద్దరూ మార్కుల దగ్గర పోట్లాడుతూ ఉండేవాళ్ళు.

మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం ఎర్ర మూత, నీలి మూత చుక్కకు సమాన దూరంలో ఉన్నట్టు కనిపించాయి. నాది దగ్గరంటే నాది దగ్గరన్నారు. నాయన అమ్మ కుట్టుపెట్టెలోంచి దారం తెప్పించుకున్నాడు. వలయం దగ్గర చతికిలబడి, ఒక కొస ఎడమ చేత్తో చుక్క మీద అదిమి, రెండో కొసను మూత దాకా లాగి కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు.

"మీ అమ్మదే దగ్గర. వెంట్రుకవాసి," అన్నాడు దిగులుగా.

ఆ అమ్మాయి మూతల వైపు చూడటం లేదు.

"పెదనాయనా, దారం ఆ కొస ఏ చేత్తో పట్టుకున్నావు?"

నాయన తన చేతి వైపు చూసుకున్నాడు. కుడి చేయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి దారం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆమెకు గిద్దలూరులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చివరిసారి వచ్చిన రోజు నాయనే కుడి చేత్తో టీ గ్లాసు అందించాడు. కొంచెం ఒలికింది. ఇదంతా నీ వల్లేనని నేను చెప్పబోతే ఆమె ఆపింది.

"నేనేం చేసినానక్కా, కష్టమంతా పెదనాయనదే."

ఇప్పుడు నాయన అన్నం తనే కలుపుకొని తింటాడు. చొక్కా గుండీలు మాత్రం ఇప్పటికీ అమ్మే పెట్టాలి. మందులిచ్చిన డాక్టరుకు దండం పెట్టుకున్నాం, దేవుడికి మొక్కు తీర్చుకున్నాం. ఆ అమ్మాయికి మాత్రం ఏమిచ్చినా తక్కువే అనిపిస్తుంది. నాయన నెలకోసారి ఫోన్ చేసి, ఎవరు గెలిచారో ఆమెకు చెబుతాడు.