లావణ్య తలుపుకు కట్టిన చాట

రెండువేల ఇరవై రెండు. ఆర్మూర్‌ల పెర్కిట్ దారిమీద నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి ఆరేండ్లయింది. రెండు మంచాలు, భుజాలు తిప్పనికె గోడకు బిగించిన ఒక చక్రం, ఒక కరెంటు మిషిన్, గంతే నా దవాఖాన. వచ్చేటోళ్ళు ఎక్కువ రైతులు. పసుపు తవ్వే రోజులల్ల నడుములు, ఉడకబెట్టే రోజులల్ల భుజాలు. మనిషి లోపలికి రాంగనే నడిచే తీరు చూసి నొప్పి ఎక్కడో చెప్పేదాన్ని. మస్తు గర్వముండె నాకు. గా గర్వం దిగింది లావణ్య కేసుల.

లావణ్యకు ఇరవై ఎనిమిదేండ్లుంటయి. భర్త మస్కట్‌ల పనిచేస్తడు. ఇంట్ల అత్త నర్సవ్వ, నాలుగేండ్ల బిడ్డ చిన్ని. లావణ్య హైదరాబాద్‌ల ఉన్న ఒక కంపెనీకి ఇంటికాడికెల్లే పని చేస్తది. ఇన్సూరెన్సు కోసమని దవాఖానలోళ్ళు పంపే కాయిదాలు సరిచూసుడు ఆమె పని. కరోనాల మొదలైంది గది.

కుడిచేతి మూడు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నయని వచ్చింది. పరీక్ష చేస్తే కార్పల్ టన్నెల్ అని తేలింది. అంటే మణికట్టు కాడ ఇరుకు సందులకెల్లి పోయే నరం నలుగుడు. రోగం పెద్దది కాదు. గని ఆమె ఫికరు వేరే ఉండె.

"మేడం, రోజూ చెయ్యాల్సినంత పని అయితలేదు. రెండు నెలలల్ల సరి చేసుకోకుంటే హైదరాబాద్ ఆఫీసుకు రమ్మంటున్నరు. పోతే హాస్టల్ల ఉండాలె. చిన్నిని ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె?" అనుకుంట కండ్లల్ల నీళ్ళు తీసింది.

"గంత దూరం ఎందుకు పోతది? నేను చెప్పినట్టు చెయ్యి" అన్న. మణికట్టు వంగకుండ పట్టుకునే స్ప్లింట్ కట్టిన. ఎక్సర్‌సైజులు నేర్పిన. ఎర్గోనామిక్స్ మీద, అంటే కూసుండే తీరు మీద, పెద్ద లెక్చర్ దంచిన. మంచి కుర్చీ, టేబుల్ గూడ కొనిపిచ్చిన.

మూడు వారాలైనా తిమ్మిరి తగ్గలే. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది.

"ఎక్సర్‌సైజులు చేస్తున్నవా, ఉత్తగనే తలకాయ ఊపుతున్నవా?" అని గద్దిరిచ్చిన.

"ఎప్పుడు చెయ్యాలె మేడం?" అని ఆమె గూడ గరమైంది. "ఒక్క పూట మా ఇంటికొచ్చి చూడుండ్రి, తెలుస్తది."

సరే అని మర్నాడు పదింటికి పోయిన. గుట్ట దిక్కు గల్లీల రెండర్రల ఇల్లు. నేను కొనిపిచ్చిన కుర్చీ మీద ఉతికిన బట్టల కుప్ప. లావణ్య లోపలి అర్రల మంచం మీద కూసుంది, ఒళ్ళ దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. బయట అరుగు మీద నర్సవ్వ, పక్కింటి గంగవ్వ బీడీలు చేస్తున్నరు.

నేనున్న గంటల లావణ్య తొమ్మిదిసార్లు లేచింది. గ్యాసు బండ వచ్చిందని లేచింది. గంగవ్వకు ఫోన్ కలుస్తలేదని లేచింది. కూరగాయల బండి ఆగిందని లేచింది. చిన్ని పిలిచిందని లేచింది. "లావణ్యా, జర పొయ్యి బందు చెయ్యే" అని నర్సవ్వ కేకేస్తే మల్ల లేచింది. వచ్చి కూసున్న ప్రతిసారి చూసిన కాయిదమే మొదటికెల్లి చూసుడు. పగలు కాని పని పొద్దుగాల నాలుగింటికి లేచి చేస్తదట, బువ్వ తిన్నంక మల్ల మంచం మీద కూసుంటదట. చేతికి ఆరామన్నదే లేదు. ఇగ నా స్ప్లింట్ ఏం చేస్తది!

నాకు ఆగబుద్ధి కాలే. "అవ్వా, పొయ్యి నీకే దగ్గర గదా. నువ్వే లెవ్వరాదూ?" అన్న.

నర్సవ్వ నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. "ఎట్ల లేస్త బిడ్డా? ఒళ్ళ చాట ఉండె గదా!"

నవ్వొచ్చింది. నవ్వుతనే మా అమ్మ యాదికొచ్చింది. ఆమె గూడ బీడీలే చేసేది. నేను బడికెల్లి వచ్చేటాల్లకు అరుగు మీద నలుగురైదుగురు ఆడోళ్ళు, ఒక రేడియో, తునికాకు వాసన. ఆకు కత్తిరిచ్చి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మలిచేటోళ్ళు. చేతులు ఆగకపోయేవి, నోర్లు అంతకన్న ఆగకపోయేవి. ఆకలైతే బువ్వ మేమే పెట్టుకునేది. చాట ఒళ్ళ పెట్టుకున్నదాన్ని లేపితే తంబాకు పారబోసుకుంటది, చేతి వాటం పోతది. గందుకే లేపొద్దు. గా కట్టుబాటు మాకెవ్వలు చెప్పలే, అయినా అందరికి ఎరుకే. మా నాయిన అసొంటి కోపిష్టి గూడ చాట ముంగట పిల్లే. ఇగ పొద్దుగూకి దీపం పెట్టంగనే చాట ఎత్తేది. దీపం పెట్టినంక చాట పట్టుకుంటే లక్ష్మి గడప దాటి రాదనేది. గా యాళ్ళకు అమ్మ మాకు దొరికేది. నా తల ఒళ్ళ పెట్టుకోని పేలు చూసుకుంట ముచ్చట్లు చెప్పేది. ఎంత మంచిగుండె ఆ రోజులు! గీ కట్టుబాట్లన్ని ఎరిగినదాన్నే, కుర్చీ కొనిపిచ్చి చేతులు దులుపుకున్న.

"మరి నీ కోడలి ఒళ్ళ ఉన్నదేంది అవ్వా?" అన్న.

నర్సవ్వ చెయ్యి ఆగింది. లోపల ల్యాప్‌టాప్ దిక్కు జరసేపు చూసింది. "ఇంట్లనే ఉంటది గదా అని లేపిన బిడ్డా. నాకు సోయి లేకపాయె" అన్నది మెల్లగ.

నాలుగొద్దులకు మల్ల పోయిన. కుర్చీ మీద బట్టలు పోయినయి, లావణ్య కూసుంది. గని నర్సవ్వ తన పాత చాట తెచ్చి టేబుల్ మీద పెట్టి, ల్యాప్‌టాప్‌ను దాంట్ల కూసోబెట్టింది! నేను నెత్తి కొట్టుకున్న.

"అవ్వా, చాట అంచు మణికట్టుకు ఒత్తుకుంటది. ఉన్న నొప్పికి ఇంకో నొప్పి తోడైతది."

"గట్లనా? అయితే తలుపుకు కడ్త" అన్నది. గప్పుడే దారం తెచ్చి కట్టింది.

గంగవ్వ చూసి పరాచికమాడింది. "ఏందే నర్సవ్వా, కోడలు గూడ బీడీలల్ల దిగిందా?"

"దిగింది. చాట దించేదాక దాన్ని లేపకు."

రెండొద్దులల్ల గల్లీకంత ఎరుకైంది. తలుపుకు చాట ఉంటే గ్యాసు బండ గూడ నర్సవ్వనే దింపిచ్చుకునేది. నర్సవ్వ, గంగవ్వ నడుము సాపుకోనికె లేచినప్పుడు లావణ్య గూడ బయటికొచ్చి, వాళ్ళతోటి చాయ తాగి, నా ఎక్సర్‌సైజులు అరుగు మీదనే చేసేది. చూసి చూసి గంగవ్వ గూడ మణికట్లు తిప్పుడు నేర్చింది. పొద్దుగూకితే నర్సవ్వ చాట దించేది. "ఇంకో పది నిమిషాలు అత్తమ్మా" అని లావణ్య బతిమాలితే "దీపం పెట్టిన" అని ఒక్కటే మాట. ఇగ ల్యాప్‌టాప్ మూసుడే, చిన్నిని ఎత్తుకునుడే.

రెండు నెలలు నిండినంక లావణ్య క్లినిక్కుకు ఉరికొచ్చింది. "ఇంటికాడనే చేసుకొమ్మన్నరు మేడం!" వేళ్ళ తిమ్మిరి గూడ శాన తక్కువైంది. నాకు ఎంత సంబురమైందో చెప్పలేను. గని ఆమె ఒక్కతే రాలే. ఎనుక నర్సవ్వ నిలవడ్డది, కుడిచెయ్యి కొంగుల దాసుకోని.

"నాది అయిపోయింది మేడం. ఇప్పుడు అత్తమ్మ చెయ్యి చూడుండ్రి. తలుపుకాడ చాట ముడి ఇప్పరాక రోజూ తిప్పలవడుతున్నది" అన్నది లావణ్య.

కొంగు తీసి చూసిన. ట్రిగ్గర్ థంబ్. అంటే బొటనవేలు వంగినకాడనే పట్టుకోని తెరుచుకోదు. శాన పాతది. నేను గా ఇంటికి ఎన్నిసార్లు పోయిన! గా చేత్తోటి ఇచ్చిన చాయ తాగిన, చేతిని మాత్రం చూడలే. మా అమ్మ వేలు గూడ గిట్లనే వంగి ఉండేది. నేను గీ చదువు చదివేటాల్లకు అమ్మ లేకపాయె. నర్సవ్వ చెయ్యి పట్టుకోని ఏడ్చిన.

జర తేరుకోని కేసు కాయిదం తీసిన. అందరిని అడిగినట్టే అడిగిన. "ఏం పని చేస్తవు అవ్వా?"

"ఏం పని లేదు బిడ్డా. ఇంట్లనే ఉంట."

నేను, లావణ్య ఒకళ్ళ మొఖం ఒకళ్ళం చూసుకున్నం. కాయిదం మీద "బీడీలు, నలభై ఏండ్ల సంది" అని పెద్దక్షరాలల్ల రాసిన. గా దినంకెల్లి నా దగ్గరికి ఏ ఆడమనిషి వచ్చినా ఏం పని చేస్తవని అడుగుతలేను. పొద్దుగాల లేస్తే నీ చేతులు ఏమేం చేస్తయో చెప్పమంట. ముందుగాల "ఏం చేస్తయి మేడం" అని నవ్వుతరు. ఒక్కసారి మొదలువెడితే ఇగ ఒడువది.