నీళ్ళు రానంత ఎత్తుకి

"మోకాళ్ళు పూర్తిగా పట్టేయకముందే ఒక్క కొండ ఎక్కించండి" అని నా భార్య సరళ చాలాకాలంగా అడుగుతోంది. ఆమె పుట్టింది దివిసీమలో, కాపురం గుడివాడలో. మా వైపు కాలవగట్టే ఎత్తు. కోట ఉన్న కొండ దగ్గర్లో కొండపల్లే కదా అని, ఉగాది వెళ్ళిన ఆదివారం బయలుదేరాం.

పొద్దున్నే బందరు నుంచి వచ్చే పాసింజరు ఎక్కాం. మీరూ వెళ్ళేట్టయితే ఇడ్లీలు, మంచినీళ్ళు ఇంటి దగ్గరే సర్దుకోండి. ఎదురుగా ఎండుచేపల గంపతో కూర్చున్న బందరు ఆవిడ మా చేతికర్ర చూసి నవ్వింది.

"కొండకా? మొక్కుందా బాబుగారూ?"

"మొక్కులేం లేవమ్మా, చూడ్డానికే."

"చూడ్డానికి కొండెందుకండీ, మా సముద్రం లేదూ!"

సరళ కిటికీ వైపు తిరిగిపోయింది.

పాపం, ఆ గంపావిడకేం తెలుసు మా సంగతి. దివిసీమ ఉప్పెన వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ వారం మా పాప అక్కడ అమ్మమ్మ దగ్గరుంది. ఐదేళ్ళది. ఇద్దరి శవాలూ దొరకలేదు. పరామర్శకొచ్చిన వాళ్ళు "కర్మ" అన్నారు. ఐదేళ్ళ పిల్లకి ఏం కర్మ? వాళ్ళని చంపింది తలరాత కాదు, ఎక్కి నిలబడ్డానికి ఊళ్ళో ఒక్క ఎత్తైన మేడ లేకపోవడం. ఈ మాట ఎన్నో హేతువాద సభల్లో అరిచాను. చనిపోయినవాళ్ళు తినరు, వినరు అని కూడా అరిచాను. దినాలు పెట్టలేదు. సరళ కాదనలేదు.

బెజవాడలో బస్సెక్కి, కొండపల్లిలో దిగేసరికి తొమ్మిదయింది. బొమ్మల అంగళ్ళ ముందు సరళ తల తిప్పకుండా నడిచింది. పైకి రాళ్ళ దారి. ఆకుల్లేని మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. మొదటి మలుపులోనే ఆగి, వెనక్కి చూసింది.

"ఇక్కడిదాకా వచ్చేవంటారా నీళ్ళు?"

"రావు సరళా."

"అయితే ఇంత ఎక్కితే చాలన్నమాట."

అని కూడా ఆగలేదు. రొప్పుతూ, నా భుజం పట్టుకుని, కోట గోడ దాకా ఎక్కింది. అక్కణ్ణుంచి దివిసీమ వైపు చూస్తే పొగమంచులాంటి ఎండ తప్ప ఏమీ కనబడదు. ఆమె అటే చూస్తూ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా! పాపనెత్తుకో! ఇటు... పైకి వచ్చెయ్యండి!"

పక్కనే పిల్లలకి పులిహోర పెడుతున్న ఒకాయన లేచి వచ్చాడు.

"మీవాళ్ళు కింద ఉండిపోయారాండీ?"

ఇలాంటి ప్రశ్నకి చెప్పడానికి ఇరవై ఏళ్ళ ఉపన్యాసాలున్నాయి నా దగ్గర.

"ఔనండీ. మా అత్తగారు, పాప."

"ఎండెక్కుతోంది. పాప చిన్నదా?"

"ఐదేళ్ళు."

"అయ్యో, మీరు పిలవండి సార్. ఆవిడ గొంతు అంత దూరం పోదు."

సరళ నా వైపు చూసింది. నేను గోడ అంచుకి వెళ్ళి పిలిచాను. పాపని, పేరు పెట్టి.

తిరుగు రైల్లో సరళ నా మీద వాలి నిద్రపోయింది. కొండెక్కడం ఆరోగ్యానికి మంచిదని, దృశ్యం బాగుంటుందని మీకు రాయాలనుకున్నాను. కానీ గుడివాడ దగ్గరపడేకొద్దీ కిటికీలోంచి చూస్తుంటే, ఎంత దూరం పోయినా ఒకటే చదును. తాటిచెట్లు తప్ప తలెత్తి నిలబడ్డది ఏదీ లేదు.

చనిపోయినవాళ్ళు వినరు. ఇప్పటికీ అదే అంటాను. నా గొంతు మాత్రం ఇంకా బొంగురుగానే ఉంది.