తూర్పున సముద్రం

మా ఉప్పాడ ఇంటి దస్తావేజులో తూర్పు హద్దు దగ్గర ఒకే ఒక్క మాట ఉంటుంది: సముద్రం. ఆ పేజీ నేను చూపించని చుట్టం లేడు. రాజమండ్రిలో మా పాత ఇంటి దస్తావేజులో అదే చోట పక్కింటివారి స్నానాల గది గోడ ఉండేది. స్నానాల గది గోడకీ సముద్రానికీ ఉన్న తేడా తెలిసినవాణ్ణనీ, ఆ తేడా కోసం ఉన్న ఇల్లు అమ్ముకునే గుండె ఉన్నవాణ్ణనీ నా మీద నాకు గొప్ప అభిప్రాయం ఉండేది. అది ఎన్నాళ్ళు నిలిచిందో చెబుతాను.

నేను ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. ఉద్యోగమంతా కాలవ గట్లు గీయడంతోనే సరిపోయింది. నీళ్ళు గట్టుని ఎక్కడ కోస్తాయో, ఎంత వాలు పెట్టాలో, రాయి ఎలా పేర్చాలో కాగితం మీద నాకు కంఠతా వచ్చు. సముద్రాన్ని మాత్రం రిటైరయ్యేలోగా నాలుగైదుసార్లు చూసి ఉంటాను. అదీ కాకినాడ ఆఫీసుకి వెళ్ళినప్పుడు, చంకలో ఫైలు పెట్టుకుని. తొంభైల చివర్లో రిటైరైన వారానికే మా ఆవిడతో అన్నాను, ఇకమీదట మనకోసం మనం బతకాలి అని.

"ఇన్నాళ్ళూ ఎవరికోసం బతికామండీ?" అందావిడ.

నేను పేపరు అందుకున్నాను.

అప్పట్లో ఊరంతా వాస్తు గాలి వీచింది. నిక్షేపంలాంటి వంటిళ్ళు పగలగొట్టించి ఇంకో మూలకి మార్పించుకునేవారు. మా బావమరిది భీమవరం దగ్గర చేపల చెరువులు చేసేవాడు. ఓ ఏడు చేపలకి తెగులొచ్చి, ఆయన చెరువులు వదిలి వాస్తులో దిగాడు. జేబులో దిక్సూచి పెట్టుకుని మా ఇంటికొచ్చి, నైరుతి వైపు సందు చూసి పెదవి విరిచాడు.

"వీధిపోటండి బావగారూ. ఈ ఇంట్లో మగమనిషికి మనశ్శాంతి ఉండదండి."

"ఇరవయ్యేళ్ళుగా ఆ సందులోంచి కూరగాయల బండి తప్ప ఏమీ రాలేదు కదరా" అంది మా ఆవిడ.

నాకు అంతకుముందు వాస్తు మీద ఆవగింజంత నమ్మకం లేదు. నా కోరికకి అది వత్తాసు పలికిందని తెలిసిన రోజు నుంచీ గట్టి భక్తుణ్ణయిపోయాను. ఇల్లు అమ్మేస్తున్నానని మా ఆవిడకి చెప్పాను. అమ్మనా అని అడగలేదు. ఇల్లు నా పేరున ఉంది, అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆవిడ ఒక్కటే కోరింది. మా వీధి గుమ్మానికి రెండు రెక్కల టేకు తలుపు ఉండేది. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు వాళ్ళ నాన్నగారు దగ్గర కూర్చుని చేయించి, ద్వారబంధంతో సహా పడవ మీద పంపించారు. ఆయన ఆ తర్వాత ఎన్నాళ్ళో లేరు. ఇరవయ్యేళ్ళూ ప్రతి శుక్రవారం ఆ గడపకి పసుపు రాసి బొట్లు పెట్టింది ఆవిడ.

"అమ్ముకుంటే అమ్ముకోండి. తలుపు మటుకు తీసుకెళ్దామండీ."

"ఇల్లమ్మి తలుపు పీక్కుపోయారని నలుగురూ నవ్వుతారు" అన్నాను.

రిజిస్ట్రారు ఆఫీసులో ఆవిడ సాక్షిగా సంతకం పెట్టింది. తన ఇల్లు చెయ్యి జారిపోవడానికి తనే సాక్షి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఉప్పాడలో ఇల్లు ఒక ఆసామి దగ్గర కొన్నాను. ఎదురుగా ఇసుక, ఆ తర్వాత అలలు, మధ్యలో అడ్డమన్నది లేదు. ధర వినగానే నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఇంత చవగ్గా ఎందుకు ఇస్తున్నాడని అడగడం మర్యాద కాదనుకున్నాను. దస్తావేజు రాసేటప్పుడు లేఖరి తల ఎత్తి, "తూర్పు హద్దు ఏం రాయమంటారండి?" అన్నాడు. "సముద్రమని రాయండి" అన్నాడు ఆసామి. లేఖరి కళ్ళజోడు పైకి జరిపి నన్నోసారి చూసి, రాశాడు. ఆ చూపు గౌరవమనుకున్నాను.

సామాను దించుకుని చూద్దుము కదా, ఇంటికి తలుపుల్లేవు. ద్వారబంధాలతో సహా ఊడదీసుకుపోయాడు మహానుభావుడు. గోడలకి కన్నాలు మిగిలాయి. తాళంచెవి ఇద్దామన్నా తాళం వేసే తలుపే లేదక్కడ. ఊళ్ళోనే ఉన్న ఆయన్ని పిలిపించి మండిపడితే తాపీగా అన్నాడు: "ఈ తీరాన ఇంటితో పాటు తలుపులు ఇవ్వరండి. ఎవరి తలుపులు వాళ్ళవేనండి."

"చూశావా కక్కుర్తి!" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నావంక చూసింది. వంటసామాను పెట్టె లాక్కుంటూ లోపలికి వెళ్ళింది.

మర్నాడు సిగ్గు చంపుకుని రాజమండ్రి వెళ్ళాను. మా ఇల్లు కొన్నాయనకి కూడా ఒక వాస్తు పండితుడు ఉన్నాడు. గుమ్మం ఉత్తరానికి మార్చమన్నాడట. మా తలుపు మొదటి రోజే ఊడివచ్చి పెరట్లో పడుకుని ఉంది. దానిమీద వడియాలు ఎండుతున్నాయి. "తీసుకెళ్ళండి సార్, ఇక్కడ కాళ్ళకి అడ్డమొస్తోంది" అన్నాడాయన. వడియాలు ఎత్తేదాకా ఆగి, గోనెలు చుట్టించి, వ్యానులో వేసుకొచ్చాను. మా ఆవిడ రెండు రెక్కలనీ చేత్తో తడిమి చూసి, పసుపు డబ్బా ఏ పెట్టెలో ఉందో వెతకడానికి లోపలికి వెళ్ళింది. ఆ పూట నేను చాలా చిన్నవాణ్ణయిపోయాను. అయినా సాయంత్రానికల్లా తలుపు సముద్రానికి ఎదురుగా నిలబెట్టించి, సిమెంటుతో బిగించి, మళ్ళీ పెద్దవాణ్ణయ్యాను.

మా వెనక నాలుగో వరసలో చేపలమ్ముకునే ఆవిడ ఒకరు ఉండేవారు. గంప దించి, మా తలుపుని కిందికీ పైకీ చూశారు.

"ఎంత బాగుందండీ! చెక్కముక్కలు దిగ్గొట్టి బిగించారాండి?"

"సిమెంటు" అన్నాను దర్జాగా.

"అయ్యయ్యో, సిమెంటెందుకండీ బాబుగారూ? తీసుకోడానికి కుదరదు కదండీ."

"తీసుకోవడం దేనికి?"

ఆవిడ సముద్రం వైపు గెడ్డంతో చూపించారు. "మా అత్తగారు కాపరానికొచ్చేటప్పటికి మీ ముందర ఆరు వరసల ఇళ్ళుండేయటండి. మా తలుపుకిది మూడో ఇల్లండి."

ఆవిడ చూపించినచోట రెండు పడవలు తేలుతున్నాయి. ఇళ్ళుండిన జాడ లేదు. చదువుకోనివాళ్ళు కొంచెం ఎక్కువ చేసి చెబుతారులే అనుకున్నాను. అనుకుని, మర్నాడు పొద్దున్నే టేపు కొన్నాను.

అక్కడి నుంచి నా సుఖజీవనం మొదలైంది. పొద్దున లేవడం, గడప నుంచి తడి ఇసుకదాకా కొలవడం, నోటుబుక్కులో రాసుకోవడం. పౌర్ణమికీ అమావాస్యకీ రెండుసార్లు కొలిచేవాణ్ణి. సూర్యోదయం చూడ్డానికి ఇల్లమ్మి వచ్చినవాణ్ణి, సూర్యుడికి వీపు పెట్టి టేపు చదువుకునేవాణ్ణి. కిటికీ ఊచలు తుప్పు పట్టాయి, ఫ్యాను మూలగడం మొదలుపెట్టింది, అప్పడాలు డబ్బాలోనే మెత్తబడ్డాయి. ఆదివారాలు రాజమండ్రి నుంచి చుట్టాలొస్తే మాత్రం పడక కుర్చీలో వెనక్కి వాలి, "జీవితమంటే ఇదండీ" అనేవాణ్ణి. దస్తావేజు తెచ్చి చూపించేవాణ్ణి. బావమరిది వచ్చి దిక్సూచి తీసి, చూసి, నన్ను కావలించుకున్నంత పని చేశాడు. "ఈశాన్యంలో బంగాళాఖాతమండి బావగారూ! ఎవరికి దొరుకుతుందండీ?"

నిజంగా సుఖపడింది మా ఆవిడ. రావడం ఇష్టంలేని మనిషి, వచ్చిన నెలకే ఊళ్ళో మనిషైపోయింది. చేపలావిడతో కలిసి పడవలొచ్చే వేళకి రేవుకి వెళ్ళేది. చందువ చేప పట్టి ఎంతసేపయిందో కళ్ళు చూసి చెప్పడం, నెత్తళ్ళ చేపలు గాలికి ఆరబెట్టడం నేర్చుకుంది. చేపలావిడ వరసలో నేతవారి ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని, చీర మీద పువ్వు ఎలా పుడుతుందో గంటలకొద్దీ చూసేది. సాయంత్రం చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, మడమల దాకా నీళ్ళలో నిలబడి ఒక్కత్తే నవ్వుకునేది. గడప మీద టేపు పట్టుకుని నేను చూసేవాణ్ణి. నాకు అసూయగా ఉండేది.

మూడో ఏటికి టేపు సగం విప్పితే చాలేది. అప్పుడు నాలో డ్రాఫ్ట్స్‌మన్ లేచాడు. పెద్ద కాగితం పరిచి నక్షా గీశాను. లారీ రాళ్ళు తెప్పించి, కాలవ గట్టుకి పెట్టే వాలే పెట్టి, ఇంటి ముందు దగ్గరుండి పేర్పించాను. చేపలావిడ భర్త వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, "బాగుందండి" అన్నాడు. కాలవ ఒకవైపే పోతుంది. సముద్రం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది, పోతూ పోతూ రాళ్ళ కిందనుంచి ఇసుకని తోడుకుపోతుంది. ఇంత చిన్న సంగతి నా నక్షాలో ఎక్కడా లేదు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ముసురు. మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతుండగా నా రాళ్ళు ఒక్కొక్కటే దొర్లడం కిటికీలోంచి చూశాను. అంతలో చేపలావిడ, ఆవిడ భర్త, ఇంకో ముగ్గురు గునపాలతో వచ్చారు.

"అమ్మగారూ, తలుపు తీసేద్దామండి. మళ్ళీ టైముండదండి."

"తలుపు తీసేస్తే నీళ్ళు లోపలికి రావూ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ అయిదుగురూ ఎంతో మర్యాదగా నేల చూపులు చూశారు. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది. మా ఆవిడ మటుకు నావైపు చూడలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపరంలో నన్ను చూడకుండా ఒక మాట చెప్పడం అదే మొదలు.

"తీయండి" అంది.

తీయడం అంత తేలికా? నా సిమెంటు! గునపం దెబ్బకి నిప్పు రాలుతోంది కానీ ద్వారబంధం కదలదు. చెక్కముక్కలతో బిగించి ఉంటే అయిదు నిమిషాల పని. అప్పటికే అల వరండా మెట్లు ఎక్కుతోంది. మా ఆవిడ మోకాలిలోతు నీళ్ళలో ఒక రెక్కని భుజంతో ఆనుకుని నిలబడింది. ఆవిడ వణుకుతోంది. భయపడ్డాను, ఇంటికోసం కాదు. ఉలీ సుత్తీ తీసుకుని నేనూ గోడ మీద పడ్డాను. నేను బిగించినదాన్ని నేనే పగలగొట్టాను. చేతులు రక్తాలు కారాయి. చివరికి గోడతో సహా పెళ్ళగించి, నలుగురూ తలుపుని భుజాన వేసుకుని పడమటికి నడిచారు. వెనక మా ఆవిడ, ఆవిడ వెనక దస్తావేజు పెట్టెతో నేను. సందు మలుపు తిరిగేసరికి వెనక పెద్ద చప్పుడైంది. ఎవరూ వెనక్కి తిరగలేదు, నేను తప్ప. వరండా లేదు.

వారం తిరిగేసరికి ఇల్లూ లేదు. బావమరిది ఫోన్‌లో పరామర్శించాడు. "ఈశాన్యంలో నీళ్ళుండాలి కానండి బావగారూ, మరీ అంత ఉండకూడదండి" అన్నాడు. ఆ దస్తావేజు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాంట్లో తూర్పు హద్దుని ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే ఇప్పుడు నాలుగు హద్దులూ అదే.

చేపలావిడ తమ వరసలోనే ఖాళీగా ఉన్న రెండు గదుల ఇల్లు ఇప్పించారు. పక్కన నేతవారి మగ్గం చప్పుడు. ఆ ఇంటికీ తలుపు లేదు, ఇక్కడ ఎవరి తలుపు వాళ్ళదే కదా. మాది తెచ్చి నిలబెట్టాం. ఈసారి వడ్రంగి పక్కన మా ఆవిడే నిలబడింది. "సిమెంటొద్దు బాబూ, చెక్కముక్కలు పెట్టు" అంది. ఉప్పునీటికి ఒక రెక్క ఉబ్బి సరిగ్గా పడదు. కింద కొద్దిగా ఎత్తిపట్టి వెయ్యాలి. ఆ కిటుకు నాకంటే ముందు ఆవిడకే వచ్చింది.

తర్వాతి శుక్రవారం ఆవిడ గడపకి పసుపు రాస్తోంది. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అనాల్సిన మాట నాలుగేళ్ళుగా గొంతులో ఉంది.

"తప్పు నాదే. ఇల్లమ్మేటప్పుడు నిన్ను అడగలేదు" అన్నాను.

ఆవిడ రాస్తూనే ఉంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. రాజమండ్రిలో అద్దెకి ఏదైనా చూసుకుని వెళ్ళిపోదామా? నువ్వెలా అంటే అలా."

పసుపు చేతులు అలాగే పట్టుకుని లేచింది. గుమ్మంలోకి వచ్చి తూర్పుకి చూసింది. మాకీ నీళ్ళకీ మధ్య ఉన్న ఇళ్ళని పెదవులతో లెక్కపెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నా ప్రశ్నకి అంతసేపు ఆలోచించడం నేను చూడలేదు. నేను అడిగి ఉంటే కదా చూడ్డానికి.

"మూడు వరసలున్నాయి కదండీ" అంది. "అందాకా ఇక్కడే ఉందాం."