అక్క కోసం లెక్కల కాగితాలు

అక్క పదో తరగతికి లెక్కలు చెప్పేది. చెల్లెలు అదే బడిలో ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని, అక్క రాసిచ్చిన వర్క్‌షీట్లను వర్డ్‌లో టైపు చేసేది. భిన్నం మధ్య గీత కాస్త పక్కకు జరిగితే చాలు, అక్క గయ్యిమని లేచేది.

"గీత అలా పక్కకి పోయిందేంటే? పైది ఏదో, కిందది ఏదో పిల్లలకి ఎలా తెలుస్తుంది?"

"నీ పిల్లలకి తెలుస్తుందిలే, నీకే తెలియదు" అని గొణుక్కుంటూనే చెల్లెలు మళ్ళీ సరిచేసేది. పెళ్ళి చేసుకోని ఆ ఇద్దరికీ ఇల్లూ ఒకటే, బడీ ఒకటే, పోట్లాటా ఒకటే.

ఒక ఉదయం పాఠం మధ్యలో అక్క బోర్డు ముందే కూలిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మాట మిగిలింది, నడక మిగిలింది. అంకెలు మాత్రం మిగలలేదు. మూడూ రెండూ కలిపితే ఎంతో చెప్పలేక కిటికీ వైపు చూసేది. రోజూ చిన్న లెక్కలు చేయిస్తూ ఉంటే కొంతైనా తిరిగి రావచ్చన్నాడు డాక్టరు.

చెల్లెలు వర్డ్ తెరిచింది. అంకెలు పెద్దవి చేసింది, గళ్ళు గీసింది, ప్రతి గడిలోనూ రంగురంగుల బంతులు పేర్చింది. ఆ కాగితం చూసి అక్క ముఖం మాడ్చుకుంది.

"నేనేం ఒకటో క్లాసు పిల్లనా?"

"కాదక్కా..."

"మరి ఈ బంతులేంటే?" అని విసిరికొట్టింది.

చెల్లెలు వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కాసేపు ఏడ్చి వచ్చింది. బంతులన్నీ తీసేసింది. పైన బడి పేరు, దాని కింద 'పదో తరగతి', కుడిపక్క మార్కుల గడి పెట్టింది. లెక్కలు మాత్రం అవే: రెండూ ఒకటీ, నాలుగూ ఒకటీ.

ఈసారి అక్క కళ్ళజోడు సర్దుకుని బుద్ధిగా కూర్చుంది. ఒక్కటీ ఒప్పు కాలేదు. అయినా ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, అన్నిటికీ వరసగా టిక్కులు పెట్టుకుంది.

"చూశావా, అంకెలెక్కడికి పోతాయే!"

"అవునక్కా."

నోరు అబద్ధమాడింది గానీ కళ్ళు దాచలేకపోయాయి. అక్క ఆ కళ్ళవంకే చూసింది.

"అన్నీ తప్పులేనా?"

చెల్లెలు తలూపింది. అక్క పెన్నుకు మూత పెట్టేసింది.

ఏడాది దాటినా అంకెలు తిరిగి రాలేదు. చెల్లెలు రోజూ ఒక కాగితం తీస్తూనే ఉంది. అక్క ఇప్పుడు పెన్సిలు ముట్టుకోదు.

"నువ్వు చెయ్యవే, నేను వింటా" అంటుంది.

చెల్లెలు పైకి చదువుతూ ఒక్కొక్కటే చేస్తుంది. అక్క పక్కనే కూర్చుని, రాని భాష వింటున్నట్టు, ఆ మాటలనే నోట్లో నోట్లో అనుకుంటూ ఉంటుంది.