మోటారు సైకిలుకి బస్సు హారన్

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు భోజనాల వేళ దాటిపోతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. కొత్త బండికి హంగులూ హారనూ పెట్టించి, దాంతో నా పెళ్ళి నేనే చెడగొట్టుకున్నాను. పైగా ఆ పని చేస్తున్నంతసేపూ నా అంత తెలివైనవాడు శ్రీకాకుళం జిల్లాలోనే లేడనుకున్నాను.

అరవైల చివర్లో మాట. గోగునార బాగా పండిన ఏడాది మా నాన్న నాకు కొత్త మోటారు సైకిలు కొనిచ్చాడు. ఆయన దృష్టిలో అది పొలం పనులకి. నా దృష్టిలో అది సత్యవతిని ఎక్కించుకోవడానికి. సత్యవతి మా మేనమామ అప్పలస్వామి కూతురు. వాళ్ళది కోటబొమ్మాళి అవతల, రోజుకి ఒకే ఒక్క బస్సు వచ్చే పల్లె. మా ఇద్దరికీ పెళ్ళి చెయ్యాలని పెద్దలు చిన్నప్పుడే అనుకున్నారు గానీ, అది అనుకోవడం దగ్గరే ఆగిపోయింది. అమ్మ రోజూ నా ప్రాణం తీసేది.

"మావయ్య మనసులో ఏటున్నాదో తెలీదు. నువ్వొకపాలి ఎల్లి కనబడు. ఇంకెవులికో మాటిచ్చేస్తే అప్పుడేటి సేస్తావు?"

"ఎల్తానమ్మా, బండి తయారవనీ" అనేవాణ్ణి.

కొత్త బండికి తయారవడం ఏమిటని మీరడగొచ్చు. అరసవల్లిలో పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, ఇంకేం కావాలి? కానీ కంపెనీవాడు ఇచ్చింది ఇచ్చినట్టు నడిపితే ఇక నా గొప్పేముంది? అందుకని బండిని తీసుకెళ్ళి, లారీలకు బాడీలు కట్టే గున్నయ్య షెడ్డులో పెట్టాను. అది మూడు వారాలు అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

ముందు హ్యాండిల్ మార్పించాను. పొడుగాటి పైపు వంచి పైకి లేపించాను. అది పట్టుకుని కూర్చుంటే దొరికిపోయిన దొంగ చేతులెత్తినట్టుందని గున్నయ్య అన్నాడు. వాడికేం తెలుసు! దాని రెండు చివర్లకీ ఎడ్ల కొమ్ములకు కట్టే రంగు కుచ్చులు వేలాడదీశాను. తర్వాత వెనక సీటుకి వీపు ఆనించుకునే దిమ్మ. ఎంత ఎత్తుండాలన్నాడు. నేను గాల్లో చెయ్యి పెట్టి సత్యవతి భుజం ఎత్తు చూపించాను. కాబోయే అమ్మగారికా అన్నాడు. దానికి ఎర్ర రెక్సిన్ వెయ్యమన్నాను.

ఇక మిగిలింది హారన్. బండితో వచ్చినది కీచుమనేది. గున్నయ్య తన పాత సామాన్లలోంచి రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద ఇత్తడి బూర తీసి నొక్కాడు. షెడ్డు మీది కాకులన్నీ లేచిపోయాయి.

"ఇది బస్సుది బాబూ. జతలో ఒకటి. రెండోది కోటబొమ్మాళి పక్క తిరిగే బస్సుకి ఇప్పటికీ ఉన్నాది. ఆ ఊళ్ళన్నిటికీ ఈ సప్పుడు తెలుసు."

బుద్ధున్నవాడైతే ఆ మాట వినగానే బూర కింద పెట్టి ఇంటికి పోవాలి. నేను మాత్రం, అయితే మావ ఊరికి బాగా తెలిసిన బూరే కదా, బిగించెయ్యి అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాను. ఊరు ఇంకో ఫర్లాంగు ఉందనగా, నేనొస్తున్న సంగతి సత్యవతికి తెలియాలి కదా అని బుడ్డి మూడుసార్లు గట్టిగా నొక్కాను.

ఊరంతా రోడ్డు మీదికొచ్చేసింది. మావ ఊళ్ళో నాకింత పేరుందా అని పొంగిపోయాను. దగ్గరికెళ్ళేసరికి అందరి చంకల్లోనూ మూటలున్నాయి. ఒక ముసలమ్మ కోడిని బుట్టలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు మా మావ. చేతిలో సంచి, మెడలో మంగలి కట్టిన తుండుగుడ్డ. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ.

బండిని చూశాడు. బూరని చూశాడు. నా వెనకాల కూడా చూశాడు.

"బస్సేదిరా?"

"బస్సు కాదు మావా. నానే."

ముసలమ్మ నన్ను తిట్టినవి ఇక్కడ రాయడానికి వీల్లేదు. కోడి కూడా ఏదో అంది. జనం మూటలు పట్టుకుని ఇళ్ళకు పోయారు. నేను బండి వీధి మొదట్లో ఆపి, మావ వెంట ఇంటికి వెళ్ళాను. మావ రెండో చెంప గీయించుకోడానికి అరుగు మీద కూర్చున్నాడు. నేను పెళ్ళిమాట ఎలా ఎత్తాలా అని గొంతు సవరించుకుంటున్నాను. అంతలో రోడ్డు మీద అదే కూత వినిపించింది. మావ లేవబోయి ఆగాడు.

"ఎవుడో నీ బూర నొక్కుతన్నట్టున్నాడు," అన్నాడు.

"నొక్కనీ మావా. కొత్త బండి కదా, సరదా పడతన్నారు," అన్నాను గర్వంగా.

ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారు. రోడ్డు మీద ఒక్క మనిషీ లేకపోయేసరికి బస్సు ఆగకుండానే పోయింది. అది రేపిన దుమ్ము వీధిలోకొచ్చాక మావకి సంగతి అర్థమైంది. కోప్పడతాడనుకున్నాను. పడలేదు. కోటబొమ్మాళి స్టేషన్లో దింపగలవా, రైలందుకోవాలి అన్నాడు.

ఎగిరి గంతేసినంత పని చేశాను. మావని ఎర్ర దిమ్మకి ఆనించి కూర్చోబెట్టి, రైలు తప్పకుండా బండిని ఉరికించాను. దిమ్మ నడుముకి హాయిగా ఉందని మావ దారంతా మెచ్చుకున్నాడు. స్టేషన్ దగ్గర దిగాక, మాట కలపాలని ఎక్కడికి ప్రయాణమని అడిగాను.

"ఇజీనగరం. సత్యవతికి అక్కడ మేస్టరు కుర్రోణ్ణి సూసినాం. ఈయాల ఎల్లి కాయం సేసుకోకపోతే ఆళ్ళు ఇంకో సంబంధం సూసుకుంటారట. నీ బండి పున్నెమాని అందుకున్నాను." ఒక్క క్షణం ఆగాడు. "నువ్వొస్తావని మీ అమ్మ కబురెట్టినాది. మూడు వారాలు సూసినాను, అల్లుడూ. నువ్వు రానేదు. నీకిష్టం నేదేమో అనుకొని ఆళ్ళకి మాటిచ్చీసినాను."

నేను నోరు తెరిచేలోగా రైలొచ్చింది. మావ ఎక్కేశాడు. నేను కుచ్చుల హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

సత్యవతి పెళ్ళిలో ఊరేగింపు నా బండి మీదే జరగాలని మావ పట్టుబట్టాడు. మేస్టారికి బండి నడపడం రాదు. వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, నేను పక్కన నడుస్తూ తోశాను. ఎర్ర దిమ్మ సత్యవతి భుజానికి సరిగ్గా సరిపోయింది. గున్నయ్య కొలత తప్పలేదు. మేస్టారు సరదాపడి బూర నొక్కారు. వెంటనే ఒక ఇంట్లోంచి ముసలమ్మ కోడిబుట్టతో పరిగెత్తుకొచ్చి, "ఆపు బాబూ, టెక్కలి ఎల్తాదా?" అంది.

ఆ రోజే అరసవల్లి దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో పిల్లనడగడానికి వెళ్ళాల్సొస్తే, అమ్మ చెప్పిన రోజునే, కాలినడకన, చప్పుడు చెయ్యకుండా వెళతాను.